మన ఎముకల్ని అరగదీసిందెవరు?

"ఎముకలు అరిగిపోయాయమ్మా, వయసు మీద పడింది కదా!" యాభై దాటిన స్త్రీ నడుం నొప్పితోనో మోకాళ్ల నొప్పితోనో ఆసుపత్రికి వెళ్తే వినిపించే తీర్పు ఇది. ఈ వాక్యంలో కర్త లేడు. ఎముకలు వాటంతటవే అరిగిపోయాయి, వయసు దానంతటదే మీద పడింది. ఆమె ఏం తిని పెరిగింది, ఎన్నేళ్లు పొగలో వండింది, ఎన్నో ఏట గర్భసంచి తీయించుకుంది, ఇన్నాళ్లూ ఏ సూదులు వేయించుకుంది అని అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. కాల్షియం బిళ్లలు, నొప్పి గోలీలు రాసిచ్చి పంపేస్తారు.

నేను డాక్టర్ని కాదు. సామాజిక శాస్త్రం చదువుకుని, స్త్రీల పని గురించీ ఆరోగ్యం గురించీ పరిశోధన చేస్తున్నదాన్ని. అయినా ఎముకల మీద వైద్య పత్రికల్లో వస్తున్న వ్యాసాల్ని కొంతకాలంగా పట్టుబట్టి చదువుతున్నాను. ముట్లుడిగిన స్త్రీల రక్తంలో కనిపించే కొన్ని సూచికలకూ వాళ్ల ఎముకల బలానికీ సంబంధం ఉందని ఆ వ్యాసాలు చెబుతున్నాయి. ఈ సంగతిని మందుల కంపెనీలు తమకు కావలసినట్టు చదువుకుంటున్నాయి. స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనం దాన్ని మన వైపు నుంచి చదవాలని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

రక్తం ఏం చెబుతోంది?

ఎముక చచ్చిన కట్టె కాదు. అది నిత్యం మరమ్మతు జరిగే ఇల్లు. పాత గోడను కూల్చే కణాలు కొన్ని, కొత్త గోడను కట్టే కణాలు కొన్ని. ఈస్ట్రోజన్ ఉన్నన్నాళ్లూ కూల్చేవాళ్లను అదుపులో ఉంచుతుంది. ముట్లు ఆగిపోయాక ఆ అదుపు సడలుతుంది. కట్టే వేగం కంటే కూల్చే వేగం పెరుగుతుంది. ఎముక గుల్లబారడం మొదలవుతుంది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియాల్సింది ఇంకొకటి ఉంది. గాయానికో, క్రిములకో ఒళ్లు చూపే ప్రతిస్పందనను డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. దెబ్బ తగిలితే ఎర్రబడి వాచి, నాలుగు రోజుల్లో తగ్గిపోయేది మంచిదే. కాని కొందరిలో అది ఏళ్ల తరబడి పైకి కనపడకుండా నివురుగప్పిన నిప్పులా ఉండిపోతుంది. అప్పుడు రోగనిరోధక కణాల నుంచి ఇంటర్‌ల్యూకిన్-6, టి.ఎన్.ఎఫ్. ఆల్ఫా వంటి పదార్థాలు ఎక్కువగా విడుదలవుతాయి. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-6 ప్రభావంతో కాలేయం సి.ఆర్.పి. అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది. రక్త పరీక్షలో దొరికేది ఇదే. ఇవే పదార్థాలు రాంక్-ఎల్ అనే మరో ప్రోటీన్ ద్వారా ఎముకను కూల్చే కణాలను పనిలోకి పిలుస్తాయి. ఈస్ట్రోజన్ తగ్గడం వల్ల కూడా ఇవి పెరుగుతాయి. అంటే ముట్లుడిగాక ఎముక మీద రెండు వైపుల నుంచి దెబ్బ పడుతుంది. ఒకటి లోపలి నుంచి వచ్చేది. రెండోది బతుకులో నుంచి వచ్చేది.

ఇటలీ ఉత్తరాన బ్రూనెక్ అనే పట్టణంలో 1990 నుంచి 15 ఏళ్ల పాటు స్త్రీలనూ పురుషులనూ గమనించారు. సి.ఆర్.పి. ఎక్కువగా ఉన్నవాళ్లలో పెద్ద దెబ్బ తగలకుండానే ఎముకలు విరగడం చాలా ఎక్కువని 2006లో ప్రకటించారు. అమెరికాలో నడివయసు స్త్రీల మీద 1996లో మొదలైన 'స్వాన్' అధ్యయనం కూడా సి.ఆర్.పి. పెరిగినవాళ్లలో ఎముకలు విరిగే ప్రమాదం ఎక్కువని 2013లో చెప్పింది. తేడా ఎముక సాంద్రతలో కాక, శరీరం మోపే బరువుతో పోల్చినప్పటి ఎముక బలంలో కనిపించింది. అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పడం లేదు. ముఖ్యంగా సాంద్రత విషయంలో ఫలితాలు ఒకదానితో ఒకటి కలవవు. సి.ఆర్.పి. జలుబు చేసినా పెరుగుతుంది, పంటి చిగురు వాచినా పెరుగుతుంది. కాబట్టి ఆ ఒక్క పరీక్షతో ఎవరి ఎముకల జాతకమూ చెప్పడం కుదరదు.

మరొక సంగతి. స్వాన్ అధ్యయనంలో తెల్లవాళ్లు, నల్లవాళ్లు, హిస్పానిక్, చైనా, జపాన్ మూలాల స్త్రీలున్నారు. మన దేశపు స్త్రీలకు అందులో చోటు లేదు.

ఆ నిప్పు ఎక్కడిది?

ఒంట్లో ఏళ్ల తరబడి రగిలే ఈ నిప్పును ఎవరు రాజేస్తున్నారు? వైద్య పత్రికలు వయసు అంటాయి, బరువు అంటాయి, జీవనశైలి అంటాయి. 'జీవనశైలి' అనే మాట చూసినప్పుడల్లా నాకు నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. పొయ్యి దగ్గర కూర్చోవడం ఒక శైలా? బీడీల గంప ముందు పొద్దున్నుంచి రాత్రి దాకా పొగాకు దుమ్ము పీల్చడం ఎవరు ఎంచుకున్న శైలి?

పశ్చిమ బెంగాల్ పల్లెల్లో కట్టెలు, పిడకలతో వండే స్త్రీల రక్తాన్ని, గ్యాస్ మీద వండే స్త్రీల రక్తంతో కలకత్తా పరిశోధకులు పోల్చి చూశారు. పొగలో వండేవాళ్లలో సి.ఆర్.పి., ఇంటర్‌ల్యూకిన్-6, టి.ఎన్.ఎఫ్. ఆల్ఫా అన్నీ ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. వాళ్లు ఇంకా ముట్లు ఉడగని స్త్రీలు. అంటే ముట్లుడిగే నాటికే ఆ నిప్పు వాళ్ల ఒంట్లో రాజుకుని ఉంది.

ఇక మన హైదరాబాదు శివార్ల సంగతి. నగరానికి దగ్గరలో ఉన్న 28 గ్రామాల్లో 3,717 మంది ఎముకలను కొలిచి, అక్కడి గాలిలోని సన్నటి ధూళితో పోల్చిన అధ్యయనం 2020లో వచ్చింది. గాలిలో ధూళి ఎక్కువున్న చోట వెన్నెముకలోనూ తుంటిలోనూ ఖనిజం తక్కువగా కనిపించింది. ఆ ధూళి సగటు ఘనపు మీటరుకు 32.8 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆనాడు పెట్టిన హద్దు 10. తర్వాత 2021లో దాన్ని 5కు దించారు. ఇంట్లో కట్టెలపొయ్యికీ ఎముకకూ మాత్రం ఆ అధ్యయనంలో స్పష్టమైన సంబంధం తేలలేదు. అది కూడా చెప్పాలి. మనకు అనుకూలంగా ఉన్నదే ఏరుకుని చెబితే కంపెనీల ప్రతినిధులకూ మనకూ తేడా ఏముంటుంది? కాని ఊరి గాలి పాడైతే ఊళ్లోవాళ్ల ఎముక మీద దాని ఆనవాలు ఉంటుందని మన పక్క ఊళ్లే సాక్ష్యం చెబుతున్నాయి. ఆ గాలిని పాడు చేసినవాళ్లు ఎముకల డాక్టరు చీటీలో ఎక్కడా కనపడరు.

తినని తిండి

గుల్లబారడానికి ముందు ఎముక అనేది కట్టబడి ఉండాలి కదా! ముప్పై ఏళ్లలోపు ఎంత ఎముక కూడబెట్టుకుంటే ఆ తర్వాత అంత ఖర్చు పెట్టుకోగలం. మన ఆడపిల్లలకు కూడబెట్టుకునే వీలు ఎక్కడుంది?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న, డాక్టర్ భారతి కులకర్ణి, వాళ్ల సహచరులు పేద కుటుంబాలకు చెందిన 30 నుంచి 60 ఏళ్ల లోపు స్త్రీలు 289 మంది ఎముకలను కొలిచారు. ఆ అధ్యయనం 2005లో అచ్చయింది. వాళ్లు రోజుకు తీసుకుంటున్న కాల్షియం సగటున 270 మిల్లీగ్రాములు. తుంటి ఎముక మెడ దగ్గర గుల్లబారడం దాదాపు 29 శాతం మందిలో కనిపించింది. వీళ్లలో ముట్లుడగనివాళ్లు కూడా ఉన్నారని గమనించాలి. వయసు మీద పడక ముందే ఎముక ఖాళీ అయిందన్నమాట.

దీని పక్కన ప్రభుత్వపు లెక్క పెట్టి చూడండి. భారత వైద్య పరిశోధనా మండలి పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల కాల్షియం చాలని చాలా ఏళ్లు చెప్పింది. 2010లో 600 అంది. 2020లో 1,000 అంది. ఆడవాళ్ల ఎముకలు పదేళ్లలో మారిపోయాయా? మారింది లెక్క. 400 చాలన్న కాలంలో పెరిగిన ఆడపిల్లలే ఇవాళ ముట్లుడిగిన స్త్రీలు. రేషన్‌లో బియ్యం ఇచ్చి కడుపు నింపామనుకున్న విధానం జొన్ననీ రాగినీ కంచంలో నుంచి తప్పించింది. పాలు డెయిరీకి పోతాయి, గుడ్డు మగపిల్లవాడి కంచంలోకి పోతుంది, ఆఖరున తినే ఆడమనిషికి చారు మిగులుతుంది. ఇన్నేళ్ల బాకీని యాభై ఏళ్ల తర్వాత కాల్షియం బిళ్లతో తీర్చేస్తామంటే ఎట్లా నమ్మడం?

ముప్పై ఏళ్లకే ముసలితనం

మన రెండు రాష్ట్రాల్లో ఎముకల గురించి మాట్లాడుతూ గర్భసంచి ఆపరేషన్ల గురించి మాట్లాడకపోతే అది బాధ్యతారాహిత్యం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అన్ని రాష్ట్రాల కంటే ముందున్నది మనమే! దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే.

మెదక్ వైపు ఒక ఊళ్లో వ్యవసాయ కూలీ ఒకామె నాతో అన్న మాటలివి: "పిల్లలైనంక ఆ సంచితోని పనేముంది, ఉంచుకుంటే క్యాన్సరైతదన్నడు డాక్టరు. అప్పు చేసి తీపిచ్చుకున్న. గప్పుడు నాకు ముప్పై ఏండ్లు. ఇగ అప్పటి సంది ఒళ్లంత గుంజుడే. పది గంపలు మోసేదాన్ని ఐదు మొయ్యలేను." ఆమె ఇప్పుడు నలభై మూడేళ్ల మనిషి. నడుం వంగిపోయింది.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్క రోజులో ఆగిపోతుంది. అండాశయాలు ఉంచినా, అవి త్వరగా పని మానేసే అవకాశం ఎక్కువ. మన దేశంలో ముట్లు సహజంగా ఆగేది సగటున 46 ఏళ్ల ప్రాంతంలో. ముప్పైలో ఆపరేషన్ చేసి అండాశయాలు తీసేస్తే పదహారేళ్ల రక్షణను ఎముక నుంచి లాగేసుకున్నట్టు. ఆ సంగతి సంతకం పెట్టించుకునేటప్పుడు ఎవరు చెబుతున్నారు? ఏ అవయవాలు తీశారో కాగితం మీద రాసిస్తున్నవాళ్లెందరు? మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరుకు కోత కూలీల సంగతి 2019లో దేశమంతా చర్చించింది. పని నష్టపోకుండా ఉండేందుకు గర్భసంచిని వదులుకోవాల్సి వచ్చిన స్త్రీలు వాళ్లు. డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. మీ జిల్లాలో ఈ పర్యవేక్షణ కమిటీ ఉందా, ఎప్పుడు కూర్చుంది, ఎన్ని కేసులు చూసింది? సమాచార హక్కు కింద ఒక్క దరఖాస్తు పెట్టి అడగండి.

నిప్పు ఆర్పే పేరుతో

నొప్పి తట్టుకోలేని స్త్రీ మొదట వెళ్లేది ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గరికి. సూది పడగానే వాపు దిగుతుంది, మర్నాడు పనికి పోగలుగుతుంది. చాలాసార్లు ఆ సూదిలో ఉండేది స్టెరాయిడ్. కీళ్లవాతంలో స్టెరాయిడ్‌కు దాని స్థానం ఉంది, డాక్టరు కనిపెట్టుకుని ఉండి ఇస్తే. కాని నెలల తరబడి వాడితే అది ఎముకనే తినేస్తుంది. ప్రెడ్నిసొలోన్ రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు వాడినా ఎముక విరిగే ప్రమాదం పెరుగుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. వాపును అణచే మందే ఎముకను గుల్ల చేయడం ఎంత విషాదమో చూడండి! ఆర్.ఎం.పి.ని తిట్టి చేతులు దులుపుకోవడం సులభం. ఒక రోజు కూలి పోతే పొయ్యి వెలగని స్థితి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కీళ్ల జబ్బు చూసే డాక్టరు లేని స్థితి ఆమెను అక్కడికి నెడుతున్నాయి.

మన క్యాంపుల్లోకి ఎవరొస్తున్నారు?

మన ఉద్యమంలో ఒక వాదన ఉంది. ముట్లుడగడం జబ్బు కాదు, దాన్ని జబ్బుగా మార్చింది మందుల పరిశ్రమ, కాబట్టి ఈ పరీక్షలూ మందులూ మనకొద్దు అని. ఈ వాదనకు బలమైన చరిత్రే ఉంది. అమెరికాలో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు 1966లో ఈస్ట్రోజన్ వాడితే నిత్యయవ్వనం అన్నట్టు పుస్తకం రాశాడు. లక్షలాది స్త్రీలు హార్మోన్లు మింగారు. చివరికి 2002లో అక్కడి పెద్ద అధ్యయనం, ఈస్ట్రోజన్-ప్రొజెస్టిన్ కలిపి వాడినవాళ్లలో ఎముకలు విరగడం తగ్గినా, రొమ్ము క్యాన్సరూ పక్షవాతమూ పెరిగాయని చెప్పి ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఎముకలు గుల్లబారడానికి ఇచ్చిన నిర్వచనం తెల్లజాతి యువతుల ఎముకను ప్రమాణంగా తీసుకుంది. మరుసటి ఏడాదే అమెరికాలో ఎముకల మందు ఒకటి మార్కెట్లోకి వచ్చింది, దాని వెంటే ఎముకలు కొలిచే యంత్రాలు వీధివీధికీ వచ్చాయి.

ఇవన్నీ నిజాలే. అయినా ఆ వాదనను ఉన్నదున్నట్టు మన ఊళ్లకు తేవడం నాకు సమ్మతం కాదు. తుంటి విరిగి మంచాన పడ్డ పేద స్త్రీకి 'ఇది జబ్బు కాదు, సహజం' అని చెప్పడం డాక్టరు చెప్పిన 'వయసు మీద పడింది' అనే మాటకు ఏ విధంగా భిన్నం? మధ్యతరగతి స్త్రీకి అక్కర్లేని పరీక్షలు అమ్ముతున్న వ్యవస్థే కూలి స్త్రీకి అవసరమైన పరీక్షను అందకుండా చేస్తోంది. ఈ రెండూ ఒకే దోపిడీకి రెండు ముఖాలు. రాంక్-ఎల్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ 2010లో అమెరికాలో అనుమతి పొందింది. అది అవసరమైనవాళ్లకు ఉపయోగపడే మందే. కాని పొగనీ ఆకలినీ అడ్డుకునే ఇంజెక్షన్ ఏ కంపెనీ తయారు చేస్తుంది?

ఇక్కడ మన సంస్థలతో ఒక మాట నిష్కర్షగా చెప్పదలుచుకున్నాను. మహిళా దినోత్సవానికి ఉచిత ఎముకల క్యాంపు పెడతామని కంపెనీవాళ్లు వస్తే మనం బానర్ కట్టి, కుర్చీలు వేసి, సంఘం సభ్యుల్ని పోగుచేసి ఇస్తున్నాం. మడమ మీద యంత్రం పెట్టి ఒక అంకె చెబుతారు. ఆ మడమ పరీక్ష జబ్బును నిర్ధారించదు. భయం మాత్రం ఖాయం. సాయంత్రానికి డబ్బాలు అమ్ముడుపోతాయి. ఇప్పుడు 'స్త్రీల ప్యాకేజీ' అనే పేరుతో సి.ఆర్.పి. పరీక్షను కూడా కలిపి ల్యాబులు అమ్ముతున్నాయి. ఎముకల కోసం ఆ పరీక్ష చేయించుకోవాల్సిన అవసరం లేదు. మన నమ్మకాన్ని పెట్టుబడిగా పెట్టి వాళ్లు వ్యాపారం చేస్తుంటే మనం దళారులుగా మిగలాలా?

లెక్కలోకి రాని స్త్రీలు

ప్రభుత్వం గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకు రెండు కాల్షియం బిళ్లలు ఇవ్వాలని 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాన్పయ్యాక ఆరు నెలల వరకు ఇవ్వాలి. మంచిదే. ఆరు నెలలు దాటాక? బిడ్డకు అవసరం తీరింది కాబట్టి ఆమె ఎముకతో రాజ్యానికి పని తీరిపోయింది. కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీలను కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలన్నీ 15 నుంచి 49 ఏళ్ల వాళ్లకే. పిల్లల్ని కనే వయసు దాటితే ఆమె మాట ఎవరికీ అక్కర్లేదు. 2017-18లో 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా స్త్రీ పురుషుల మీద 'లాసి' సర్వే జరిగింది. సి.ఆర్.పి. కొలవడానికి రక్తపు చుక్కలు కూడా సేకరించారు. ఆ రక్తం మనది. అందులో సి.ఆర్.పి. ఎక్కువున్న స్త్రీలు ఏ కులంవాళ్లు, ఏ పని చేసేవాళ్లు, ఏ పొయ్యి మీద వండేవాళ్లు, వాళ్లలో ఎంతమంది కిందపడి ఎముకలు విరగ్గొట్టుకున్నారు అనే ప్రశ్నలు వేయాల్సింది మనమే.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ప్రతి గర్భసంచి ఆపరేషన్‌కూ లెక్క, రెండో డాక్టరు అభిప్రాయం, ఏం తీశారో రాతపూర్వకంగా ఇవ్వడం తప్పనిసరి చేయాలి. నలభై ఐదు లోపు అండాశయాలు పోయిన స్త్రీలను జాబితా వేసి, వాళ్లకు ప్రభుత్వమే ఉచితంగా వైద్యం చేయించాలి. జిల్లా ఆసుపత్రిలో ఎముక సాంద్రత పరీక్ష, కీళ్ల జబ్బుకు సరైన వైద్యం అందుబాటులో ఉండాలి. మన స్త్రీల ఎముకలకు మన స్త్రీల నుంచే ప్రమాణాలు తయారు చేయాలి. రేషన్‌లో రాగులూ జొన్నలూ పప్పులూ ఇవ్వాలి, అంగన్‌వాడీలో గుడ్డూ పాలూ గర్భిణులతో ఆగకుండా ముట్లుడిగిన స్త్రీలకూ అందాలి. బీడీ, మిర్చి, పత్తి పనుల్లో దుమ్ముకు యజమాని బాధ్యత వహించాలి. అన్నిటికంటే ముందు, యాభై దాటిన స్త్రీని మనిషిగా లెక్కపెట్టాలి.

ఈసారి సంఘం మీటింగులో యాభై దాటిన వాళ్లందరినీ ఒక్కొక్కరుగా అడగండి. ముట్లు ఎన్నో ఏట ఆగాయి, ఆగాయా ఆపించారా, ఎముక ఎప్పుడైనా విరిగిందా, ఏ సూదులు వేయించుకున్నారు, దేనిమీద వండుతున్నారు. ఈ ఐదు ప్రశ్నలకు డబ్బు ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు. జవాబుల్ని ఒక పుస్తకంలో రాసిపెట్టి కలెక్టరు బల్ల మీద పెడదాం. అరిగిపోయాయని చెప్పినవాళ్లను, అరగదీసిందెవరని అప్పుడు అడుగుదాం.